పిట్టయు, అట్టయు

(పాఠశాల వార్షికోత్సవ దినమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో ప్రకృతి శాస్త్రమునకు సంబంధించిన విషయ మొకటి మీ ముందుంచుట మాకు అలవాటైనది. ఈ యేటి విషయము మాత్రము మేము కోరి తెచ్చినది కాదు. మన పిల్లల వస్తుప్రదర్శనములో అది తనంత తానే పుట్టినది.

ఆ ప్రదర్శనమును మీలో పెక్కురు చూచియే యుందురు. ఒక బల్లమీద రెండు ప్రాణుల రూపములను ప్రక్కప్రక్కన నిలిపితిమి. ఒకటి రంగులతో చిత్రించిన హమ్మింగు పక్షి. రెండవది మట్టితో చేసిన సముద్ర దోసకాయ. ఇచటి మత్స్యకారులు దీనిని 'కడల్ అట్టై' యందురు. అనగా సముద్రపు జలగ. మన తెలుగువారిలోను పెద్దలు జలగను అట్ట యనుట కలదు. ఆ రెండింటి క్రింద "వీనికి గల పోలిక లెవ్వి? భేదము లెవ్వి?" అని పిల్లలు వ్రాసియుంచిరి. చూచినవారెల్ల నవ్విరి. నవ్వదగినదే. నేతికుండను గానుగ రోలుతో పోల్చినట్లున్న దని ఒక పెద్దమనిషి యనెను.

అంతలో ఒక తండ్రి తన యిద్దరు కుమారులతో అచటికి వచ్చెను. బొమ్మలను చూచి, "సరిపోయినది. మా పెద్దవాడు ఈ పిట్ట, చిన్నవాడు ఆ అట్ట" అనెను. చుట్టునున్నవారు మరల నవ్విరి. ఆయన యందు దురుద్దేశ మేమియు లేదు. ఇంటిలో ముద్దుగా అనుకొను మాటయే కావచ్చును. కాని చిన్నవాడు ప్రక్కనే యుండెను. తల వంచుకొని వెడలిపోయెను. మరునాడు తరగతి ముగిసిన పిమ్మట మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఆ అట్టకు మెదడే లేదట గదా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాడు మేము చెప్పిన ప్రత్యుత్తరము చాలలేదని మాకే తోచినది. దానిని పూర్తిగా చెప్పవలె ననియే నేడు మీ యెదుట నిలిచితిమి. ఆ కుటుంబ మెవరిదో తెలిసికొన వలదని మా ప్రార్థన. అట్టి మాట పలుకని యిల్లు మనలో అరుదు.

మొదట పక్షిని గూర్చి చెప్పెదము.

హమ్మింగు పక్షులు అమెరికా ఖండములందు తప్ప నేడు మరెక్కడను సహజముగా నివసింపవు. వానిలో సుమారు 360 జాతులు గలవు. పెరటి మందారము చెంత ఎగురు తేనెపిట్టను చూచి మనవారు "ఇదియే హమ్మింగు పక్షి" యనుకొనుట కద్దు. అది పొరపాటు. తేనెపిట్ట పిచ్చుక, కాకి మొదలగు వాని గణమునకు చెందినది. హమ్మింగు పక్షికి దగ్గర చుట్టములు, ఆకాశముననే తిరుగుచు పురుగులను పట్టి తిను స్విఫ్టు పక్షులు. ఒకే ఆహారమును వెదకుటచే వేరు వేరు వంశముల పక్షులు రెండును సన్నని పొడవైన ముక్కును, మెరయు రంగులను పొందినవి. పోలిక వేరు, బంధుత్వము వేరు. ఈ మాటను జ్ఞాపక ముంచుకొన గోరుచున్నాము. తుదకు దీనితోనే మనకు పని కలదు.

మన పిల్లలు చిత్రించినది కెంపుకంఠపు హమ్మింగు పక్షి. లిన్నేయసు పండితుడు 1758లో దీనిని శాస్త్రగ్రంథమున కెక్కించెను. నేటి శాస్త్రనామము ఆర్కిలోకసు కొలూబ్రిసు. మగపక్షి కంఠము వెలుతురు తగిలినప్పుడు కెంపువలె మెరయును. ఆ మెరపు రంగుపొడి వలన గాక, ఈకలలోని సూక్ష్మమైన పొరలు కాంతిని త్రిప్పుట వలన కలుగును. అందుచేత పక్షి తల త్రిప్పినంతనే అదే కంఠము నల్లగా కనబడును.

దీని బరువు సుమారు 3 గ్రాములు. అనగా మన ఒక రూపాయి నాణెమంత. సెకనుకు ఇంచుమించు 50 మారులు రెక్కల నాడించును. ఎగురునప్పుడు గుండె నిమిషమునకు వేయి మారులకు మించి కొట్టుకొనును. పువ్వు ముందర గాలిలో నిలిచిపోగలదు, వెనుకకును ఎగురగలదు. తక్కిన పక్షులు రెక్కను క్రిందికి కొట్టునప్పుడే బలము పొందగా, ఇది రెక్కను పైకి త్రిప్పునప్పుడు గూడ కొంత బలము పొందును. 2005లో ఇంకొక హమ్మింగు జాతిపై జరిపిన పరిశోధనలో, భారమున ముప్పాతిక పాలు క్రింది దెబ్బయు, పాతిక పాలు మీది దెబ్బయు మోయుచున్నవని తేలినది.

ఇంత వేగమునకు వెల చెల్లింపక తప్పదు. ఈ పక్షి పగలెల్ల పువ్వు నుండి పువ్వునకు తిరుగుచు తేనె త్రావవలెను. చిన్న పురుగులను గూడ తినవలెను. రాత్రి చలి హెచ్చి, ఒడలిలోని నిలువ చాలనప్పుడు ఒక విచిత్రమైన నిద్రలోనికి జారుకొనును. ఒడలి వేడి బాగుగా తగ్గును. వేయి మారులు కొట్టుకొనిన గుండె పదుల లెక్కకు దిగును. ఆ స్థితిలో ముట్టుకొన్నను కదలదు. చచ్చినదేమో యనిపించును. తెల్లవారుజామున కండరములను వణకించి మరల వేడి తెచ్చుకొనును. చురుకుదనమునకు మారుపేరని మన మెంచు ఈ ప్రాణి, రాత్రులందు మందుని కంటె మందమై పడియుండుటచేతనే మరునాడు బ్రతుకుచున్నదని గమనింపుడు.

ఉత్తర అమెరికా తూర్పు భాగమున గూడు కట్టి, చలికాలమునకు మధ్య అమెరికాకు వలస పోవును. పోవుటకు ముందు క్రొవ్వు కూడబెట్టి ఇంచుమించు రెట్టింపు బరువు తూగును. వీనిలో పెక్కులు మెక్సికో సింధుశాఖను, సుమారు 800 కిలోమీటర్ల నీటిని, ఎచటను వాలక దాటును. గూటిని సాలెపట్టుతో అల్లి పైన లైకెను తునకలను అతికించును. ఆ పట్టు పిల్లలు పెరిగినకొలది సాగును. గుడ్లు రెండే. పొదుగుటయు పెంచుటయు తల్లి పనియే, తండ్రికి అందు భాగము లేదు.

ఇక అట్ట మాట.

మన పిల్లలు మట్టితో చేసినది హోలోతూరియా స్కాబ్రా యను జాతి. వర్తకులు దీనిని ఇసుకచేప యందురు గాని ఇది చేప కాదు. జలగయు కాదు, దోసకాయ అంతకంటె కాదు. నక్షత్రచేప, సముద్రపు ముళ్లబంతి మొదలగు కంటకచర్మ జీవుల కుటుంబము దీనిది. హిందూ మహాసముద్రమునను, పసిఫికు మహాసముద్రపు పడమటి భాగమునను, తీరమునకు దగ్గరగా సముద్రపు గడ్డి పెరుగు ఇసుక నేలలలో నివసించును. మనకు చేరువనే, రామనాథపురము, తూత్తుక్కుడి తీరములందు, మన్నారు సింధుశాఖలోను పాక్ జలసంధి ప్రాంతమునను గలదు. జానెడు మొదలు సుమారు 40 సెంటీమీటర్ల వరకు పెరుగును. బూడిద వన్నె వీపు, తెల్లని కడుపు. దినములో కొంతకాలము ఇసుకలో పూడుకొని యుండి, తక్కిన కాలము మెల్లగా ప్రాకుచు మేయును.

దాని మేత ఇసుకయే. నోటిచుట్టు గల 20 చిన్న డాళ్ల వంటి స్పర్శాంగములతో ఇసుకను, బురదను నోటిలోనికి త్రోసికొనును. అందలి క్రుళ్లిన ఆకుల తునకలను, సూక్ష్మజీవులను జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను వెనుకనుండి విడుచును. మన యిండ్లలో బియ్యము చెరిగినట్లు సముద్రపు నేలను చెరుగుచుండును. ఇసుక అడుగు పొరలు పైకి వచ్చి వానికి ప్రాణవాయువు తగులును. విసర్జించిన సారము సముద్రపు గడ్డికి ఎరువగును. ఆ గడ్డిలోనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. ఆ చేపలే మన సంతకు వచ్చును.

శ్వాస విషయము వినినచో పిల్లలు తప్పక నవ్వుదురు. ఈ జీవి వెనుక ద్వారమున నీటిని లోనికి పీల్చి, చెట్టు కొమ్మలవలె చీలిన రెండు అవయవముల ద్వారా ప్రాణవాయువును గ్రహించును. కొన్ని జాతుల సముద్ర దోసకాయలలో ఆ ద్వారముననే ఒక సన్నని చేప చొరబడి లోపల కాపుర ముండుటయు కలదు.

దాని చర్మము మరియొక వింత. తలచినప్పుడు కఱ్ఱవలె బిగియును, తలచినప్పుడు మెత్తబడును. కండరముల బలము చేతనే యిది జరుగుట లేదు. చర్మమునందలి నారలను కలిపియుంచు పదార్థమే నరముల ఆజ్ఞచే గట్టిపడుచు వదులగుచు నుండును. చర్మములో సున్నపు రేణువులు లెక్కలేనన్ని గలవు. సూక్ష్మదర్శినిలో చూచినచో చిన్న బల్లలవలె, గుండీలవలె కనబడును. వాని ఆకృతిని బట్టియే శాస్త్రజ్ఞులు జాతిని నిర్ణయింతురు. శత్రువు పీడించినప్పుడు ఈ కుటుంబములో పెక్కు జాతులు తమ ప్రేగులను బయటికి కక్కివేయును. పిమ్మట వారముల, నెలల కాలములో వానిని మరల పెంచుకొనును. ఏ హమ్మింగు పక్షియు, ఏ మనుష్యుడును ఆ పని చేయజాలడు.

మెదడు లేదన్న మాట నిజమే. నోటిచుట్టు నరముల ఉంగరము, దానినుండి ఒడలి పొడవునకు పోవు అయిదు నరముల త్రాళ్లు మాత్రమే గలవు. కాని వెలుతురును గుర్తించును, మేత గల చోటును పసిగట్టును, కాలము వచ్చినప్పుడు తన తోడివారితో పాటు బీజములను నీటిలోనికి వదలును. ఒక్క మారు ఆడుజీవి పది లక్షలకు మించిన అండములను విడువగలదు. ఆ పిల్లలు కొన్నాళ్లు నీటిపై తేలియాడి, పిమ్మట గడ్డియాకులపై దిగును. పక్షి రెండు గుడ్లను కాపాడును. అట్ట లక్షలను విడిచి సముద్రమునకు అప్పగించును. రెండు వంశములును నేటికి నిలిచియున్నవి.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వత్తము. వీనికి గల పోలిక యేమి?

పువ్వులపై తేనె త్రావుచు ఝుమ్మని నాదము చేయు హమ్మింగు పక్షి తేనెటీగను పోలియున్నదని మన మందుము. అట్ట జలగను పోలియున్నదని పేరే పెట్టితిమి. కాని పుట్టుకను విచారించినచో లెక్క తారుమారగును. పిండము తొలిదశలో చిన్న బంతివలె నుండి, ఒకచోట లోనికి గుంట పడును. తేనెటీగ, జలగ, నత్త మొదలగు వాని మహావర్గములో ఆ తొలి ద్వారము సాధారణముగా నోటి భాగమగును. పక్షులలోను, మనుష్యులలోను, నక్షత్రచేపలలోను, సముద్ర దోసకాయలలోను తొలి ద్వారము ఉండు వైపు వెనుక భాగమై, నోరు పిమ్మట వేరుగా ఏర్పడును. జీవకణములలోని వంశలేఖనమును చదివిన నేటి పరిశోధనలును పక్షిని, అట్టను ఒక్క శాఖలోనే చేర్చుచున్నవి. 50 కోట్ల సంవత్సరములకు పూర్వమే వీని మూలపురుషుడు వేరుపడెను. అయినను హమ్మింగు పక్షికి తేనెటీగ కంటె అట్టయే దగ్గర చుట్టము. అట్టకు జలగ కంటె పిట్టయే దగ్గర చుట్టము. మనమును ఆ చుట్టరికములోని వారమే.

కంటికి కనబడు పోలిక మనల నెంత మోసగించునో చూడుడు. మన భాష విషయమునను ఇట్టిదే జరిగినది. తెలుగులో సంస్కృత పదములు మెండుగా నుండుటచే అది సంస్కృతము నుండియే పుట్టినదని పండితులు చాలకాలము తలచిరి. 1816లో ఎల్లిసు దొర, కాంబెలు వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు కూర్చిన పీఠికలో, ధాతువులను పరిశీలించి తెలుగు, తమిళ, కన్నడములు ఒక్క కుటుంబమని చూపెను. మీద కనబడు నగలు వేరు, నెత్తురు వేరు. ప్రొద్దుట ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకు మన పిల్లలకు ఈ సంగతి వేరుగా బోధింప నక్కరలేదు.

ఈ రెండు ప్రాణులకు మరియొక పోలిక గలదు. అది సంతోషకరము కాదు. రెండును మన చేతిలో బాధపడినవే. గడచిన 19వ శతాబ్దమున హమ్మింగు పక్షుల తోళ్లు వేలకొలది లండను అంగళ్లలో అమ్ముడుపోయెను. సీమ దొరసానుల టోపీలకు అవి అలంకారములు. 1918లో అమెరికా సంయుక్త రాష్ట్రములు చేసిన వలసపక్షుల చట్టము కెంపుకంఠమునకు రక్షణ యిచ్చెను.

అట్టను ఉడికించి, ఇసుకలో పూడ్చి, పైసున్నమును గోకి, ఎండబెట్టి చీనా దేశీయుల భోజనమునకు పంపు వర్తకము మన తీరమున ఎంతో పురాతనమైనది. విపరీతముగా పట్టుటచే ఆ జీవి తగ్గిపోయినది. బీజములను నీటిలో వదలు ప్రాణి గనుక ఒకదాని కొకటి దూరమైనచో అవి కలియవు, సంతతి యుండదు. అందుచే కొన్ని మిగిలినను కోలుకొనుట కష్టము. 1988లో తూత్తుక్కుడిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఈ జాతి పిల్లలను తొట్లలో పుట్టించి పెంచిరి. 2001లో భారత ప్రభుత్వము సముద్ర దోసకాయల నన్నిటిని వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చెను. వేట నిషిద్ధమైనది. ఊపిరి బిగబట్టి మునిగి వీనిని ఏరి బ్రతికిన కుటుంబములకు ఆ దినముతో జీవనము పోయినది. నిషేధమును సడలింపుడని వారు కోరుచునే యున్నారు. దొంగ రవాణా కేసులును జరుగుచునే యున్నవి. మెదడు లేని ప్రాణి యని చిన్నచూపు చూచిన దాని చుట్టు ఎందరి అన్నము ముడివడియున్నదో గ్రహింపుడు.

కావున, "ఏది గొప్పది?" యన్నచో శాస్త్రమునందు ప్రత్యుత్తరము లేదు. పిట్టను ఇసుకలో దింపినచో గడియలో చచ్చును. అట్టను కొమ్మపై నుంచినచో ఎండి చచ్చును. ఏ చోటున, ఏ పనికి అని చెప్పక గొప్ప, కొద్ది అనుట కొలబద్ద లేక కొలుచుటయే.

తలిదండ్రులారా! ఇపుడు మేము మరియొక హద్దు గూడ దాటరాదు. చురుకైన పిల్లవాడు పిట్ట కాడు. నిదానమైన పిల్లవాడు అట్ట కాడు. ఇద్దరును మనుష్యుల బిడ్డలు, ఒక్క తల్లి కడుపున పుట్టినవారు. అట్ట గూడ గొప్పదే యని చెప్పి చిన్నవానిని ఓదార్చుట మా యుద్దేశము కాదు. ఆ పోలికయే తప్పని చెప్పుట మా యుద్దేశము. ప్రాణుల విషయమున జాతి జన్మముతో నిర్ణయమైనది. పిల్లల విషయమున అట్లు కాదు. ఎనిమిదవ యేట తప్పుగా చదివినవాడు పదునాలుగవ యేట తరగతికి పాఠము చెప్పుటను మేమే చూచితిమి. అయితే "నీవు అట్టవు" అని నిత్యము వినిన బిడ్డ దానిని నమ్మును. నమ్మిన పిమ్మట మా పాఠములకు గాని, మీ బుద్ధులకు గాని ఆ చెవిలో చోటుండదు.

ఈ తప్పు మీదే యని మేమనము. మార్కుల వరుస కట్టి గోడకు అంటించిన వారము మేమే. తరగతిలో చేయి ముందెత్తిన వానినే పిలిచి, వెనుక ఆలోచించుచున్న వానిని విడిచిపెట్టిన దినములు మాకును గలవు. అందుచే ఇరువురమును ఒక నియమము పెట్టుకొందము. ప్రగతి పత్రము ఇంటికి వచ్చినప్పుడు అన్న పత్రముతో తమ్ముని పత్రమును కలిపి చూడవలదు. తమ్ముని పోయిన యేటి పత్రమును తీసి దానితో కలిపి చూడుడు. మేమును అట్లే చూతుము.

తుదిగా ఒక్క మాట. బల్లపై నుండిన ఆ మట్టి బొమ్మను మీరు చూచితిరి. 20 స్పర్శాంగములు, కడుపుక్రింద బారులుగా చిన్న పాదములు, వీపున మడతలు, అన్నియు సరిగా నుండెను. దానిని చేయుటకు పదునొకండు దినములు పట్టినది. రెండు మారులు పగిలినది. మూడవ మారు నిలిచినది. చేసినవాని పేరు అట్టమీద వ్రాయుట మేము మరచితిమి. ఆ తప్పు మాది. నాడు తండ్రి ప్రక్కన నిలిచి తల వంచుకొన్న చిన్నవాడే దానిని చేసెను. నేను చేసితినని అతడు తండ్రికి చెప్పలేదు.

ఆ బొమ్మ ఇంకను శాస్త్ర ప్రయోగశాలలో నున్నది. ఇప్పుడు దానిక్రింద పేరు గలదు. సభ ముగిసిన పిమ్మట మీ బిడ్డల చేయి పట్టుకొని వచ్చి చూడుడు.